కార్బన్ నలుపు, క్లోరిన్ ఆకుపచ్చ

కిందటి నెల నేను పనిచేసిన కాలేజీలో ఏదో సభ ఉందని పిలిస్తే వెళ్ళాను. సభ సంగతి వదిలేయండి. శాలువా కప్పారు, ఉక్కపోసింది. అది అయ్యాక కెమిస్ట్రీలో కొత్తగా చేరిన లెక్చరర్ అమ్మాయి నన్ను తన గదికి తీసుకుపోయి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. తెర మీద ఒక అణువు నెమ్మదిగా తిరుగుతోంది. నల్ల గుండ్లు, ఎర్ర గుండ్లు, నీలం గుండ్లు. ఆ అమ్మాయి ఒక మీట నొక్కితే రంగులన్నీ మారిపోయాయి. ఇంకోటి నొక్కితే మళ్ళీ మొదటికి వచ్చాయి. మేము నెలల తరబడి పడ్డ పాట్లు ఆమెకు చిటికెలో పని. నాకు ముచ్చట వేసింది, కొంచెం కుళ్ళు కూడా పుట్టింది.

"ఏ రంగు దేనికి గుర్తో ఎక్కడ రాసి ఉందమ్మా?" అని అడిగాను.

"అది అందరికీ తెలిసిందే కదా మేడం. తెరకు అడ్డమని తీసేశాను" అంది.

అందరికీ తెలిసిందే అన్న మాట దగ్గర నాకు ఒళ్ళు జలదరించింది. ఒక రోజు ఇంటికి రా, ఆ సంగతి చెబుతాను అన్నాను. వస్తానని తల ఊపింది గానీ రాలేదు. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళకు ముసలివాళ్ళ ఇంటికి వచ్చే తీరిక ఎక్కడుంటుంది? అందుకే రాసి పంపుతున్నాను. నా ఉద్యోగంలో ప్రమోషన్లు, బదిలీలు అందరికీ ఉన్నట్టే ఉన్నాయి. వాటిలో నేర్చుకోవలసింది ఏమీ లేదు.

హెడ్డు గారికి రంగులంటే పడదు

నేను కడపలో పుట్టి పెరిగాను. మా నాన్నది బట్టల కొట్టు. కర్నూలు రాజధాని అయిన కొత్తలో అక్కడొక కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. ఊరినిండా ఆఫీసులు, డేరాలు, ఫైళ్ళు మోసే బండ్లు. అద్దెకు ఒక గది దొరకడమే గగనంగా ఉండేది. కాలేజీలో ఆడమనిషిని నేనొక్కదాన్నే.

ఆ ఉద్యోగమంటే సీసాలు కడిగించడం, బ్యూరెట్లు లెక్క చూసుకోవడం అని బయటివాళ్ళు అనుకుంటారు. అసలు పని అది కాదు. ఎవరూ ఎప్పుడూ చూడనిదాన్ని ఉందని పిల్లల చేత నమ్మించడం. బోర్డు మీద సి అని, హెచ్ అని అక్షరాలు రాసి గీతలు కలిపితే పిల్లలు దాన్ని బట్టీ పట్టేవారు తప్ప వాళ్ళ కళ్ళలో ఏమీ వెలిగేది కాదు. అణువుకు పొడవు, వెడల్పు, మందం ఉంటాయని, అది గాలిలో నిలబడే వస్తువని చెప్పడానికి బొమ్మలు కావాలి. విదేశాల నుంచి తెప్పించే స్తోమత కాలేజీకి లేదు. మనమే కర్ర బంతులు చేయించి, రంగులు వేయిద్దామని మా హెడ్డు గారిని అడిగాను.

ఆయన సర్కారు జిల్లాల మనిషి. తలపాగా తీయకుండానే పాఠం చెప్పేవారు. "అణువుకు రంగేమిటమ్మా?" అన్నారు. "వెలుగు తరంగం కన్నా చిన్నది అది. దానికి రంగు ఎక్కడి నుంచి వస్తుంది? నువ్వు రంగు చూపించిన రోజు పిల్లవాడు రంగును పట్టుకుని అణువును వదిలేస్తాడు."

ఆయన అన్నది సగం నిజమేనని తర్వాత తెలిసింది. వజ్రంలోనూ బొగ్గులోనూ ఉన్నది కార్బనే కదా, మరి వజ్రం ఎందుకు తెల్లగా ఉంటుందని పరీక్షలో అడిగితే, బాగా కడుగుతారు కాబట్టి అని ఒకడు రాశాడు. మేము కార్బన్ బంతికి నలుపు వేశాం కదా, వాడి లెక్కలో నలుపే కార్బన్. ఆ జవాబు చూసి హెడ్డు గారు నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను.

అది తర్వాతి మాట. అప్పటికి ఆయన ఒక షరతు మీద ఒప్పుకున్నారు. రంగు వేసిన ప్రతి బొమ్మకూ ఏ రంగు దేనికి గుర్తో చెప్పే చీటీ కట్టి ఉండాలి. చీటీ లేని బొమ్మ కనబడితే తానే పొయ్యిలో పెడతానన్నారు. ఛాదస్తం అనుకున్నాను.

లక్క పని

తుంగభద్ర ఒడ్డుకు పోయే దారిలో ఖాసిం సాహెబు అని ఒకాయన కర్రను గిర్రున తిప్పే తరిమెన మీద మంచం కోళ్ళు, ఉయ్యాల కొయ్యలు, బొంగరాలు తీసేవాడు. తిరుగుతున్న కర్రకు రంగు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు నున్నగా అంటుకుంటుంది. ఆయన దగ్గర ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు ఉండేవి. నైట్రోజన్‌కు నీలం కావాలంటే లేదన్నాడు. బట్టలకు పెట్టే నీలిమందు తెల్ల లక్కలో కలిపి ఎట్లాగో ఆ రంగు తెప్పించాడు.

"ఇవన్నీ పిల్లోళ్ళు ఆడుకునేకా అమ్మా?" అన్నాడు.

"పెద్దపిల్లల చదువుకు సాయిబూ."

"ఆడుకునేది పెద్దోళ్ళయితే దాన్ని చదువంటారులే" అని నవ్వాడు.

బంతులను కలపడానికి పాత సైకిల్ చువ్వలు కోయించాను. మొదటి బొమ్మ బల్ల మీద నిలబెట్టినప్పుడు నాకు మా కడప వీధి గుర్తొచ్చింది. దిష్టి తీసి నాలుగు దారుల కూడలిలో వేసిన రంగురంగుల అన్నం ముద్దలు. పసుపువి, ఎర్రవి, మసి కలిపిన నల్లవి. బడికి పోతూ వాటి పక్కగా నడిచినా మా అమ్మ చెయ్యి పట్టి లాగేది. ఈ బొమ్మను అమ్మ చూస్తే నాకు తలంటు పోయిస్తుందని నాలో నేనే నవ్వుకున్నాను. నవ్వుకోవడం వరకే గానీ ఇంకో ఆలోచన రాలేదు.

శివారెడ్డి బొమ్మ

బేతంచెర్ల దాటాక నాపరాళ్ళ గనుల పక్కన ఒక పల్లె నుంచి శివారెడ్డి అనే అబ్బాయి వచ్చి చేరాడు. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోయారు. అన్న నాగిరెడ్డి సేద్యం చేసి చదివిస్తున్నాడు. వేరుశనగ చేలకు గొంగళిపురుగు పట్టి అన్న కొత్తగా వచ్చిన పురుగుల పొడి కొన్నాడని, దాంట్లో ఏముందో చెప్పమని ఒక రోజు అడిగాడు.

చెప్పాను. ఆరు కార్బన్లు చెయ్యీ చెయ్యీ పట్టుకున్నట్టు ఒక వలయం. ఒక్కో కార్బన్‌కు ఒక క్లోరిన్, ఒక హైడ్రోజన్. అంతే. ఇందులో నాకు మొదటి నుంచీ భయంగా తోచిన సంగతి ఒకటుంది. అవే బంతులు, అవే రంగులు, అదే లెక్క. క్లోరిన్లలో ఏది వలయానికి పైకి, ఏది కిందికి అన్నది మారితే అది వేరే పదార్థం. అట్లాంటివి చాలా ఉన్నాయి, వాటిలో పురుగును గట్టిగా చంపేది ఒక్కటే. శివారెడ్డి తయారు చేసిన బొమ్మలో ఒక ఆకుపచ్చ బంతి తప్పు వైపు ఉంటే నేనే దాన్ని తిప్పి పెట్టాను. ఆ తిప్పడంతో అది చంపేది అయింది.

"సెలవులకు ఇంటికి తీసకపోయి అన్నకు చూపిస్తా మేడం" అన్నాడు. తీసుకుపొమ్మన్నాను. నల్లవి కార్బన్, ఆకుపచ్చవి క్లోరిన్, తెల్లవి హైడ్రోజన్ అని ఇంగ్లీషులో టైపు చేసిన చీటీ దారంతో కట్టి ఇచ్చాను. అప్పట్లో మేము సైన్సులో ఏది రాసినా ఇంగ్లీషులోనే రాసేవాళ్ళం.

అన్న అప్పుడు ఊళ్ళో లేడట. చిన్నపిల్లలు పీకుతారని శివారెడ్డి ఆ బొమ్మను ధాన్యం గదిలో, పురుగుల పొడి డబ్బా ఉన్న గూట్లోనే పెట్టాడు. ఈసారి వచ్చినప్పుడు చెబుదామనుకుని కాలేజీకి తిరిగి వచ్చేశాడు.

గూట్లో దొరికింది

వేసవి మొదలవుతుండగా ఒక పొద్దున శివారెడ్డి ల్యాబ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఊరి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, తలనిండా దుమ్ము.

"మేడం, మా చిన్నమ్మ పండ్లు రాలగొడతారంట" అన్నాడు.

కూర్చోబెట్టి నీళ్ళిచ్చి అడిగితే సంగతంతా బయటికి వచ్చింది. నాగిరెడ్డి చిన్న కూతురికి మూర్ఛలు వస్తున్నాయి. ఉన్నట్టుండి కళ్ళు తేలేసి కొయ్యలాగా బిగుసుకుపోతోంది. తర్వాత పెద్దపిల్లలిద్దరికీ, అన్నకూ, వదినెకూ చేతులు వణకడం మొదలైంది. వాకిట్లో కోళ్ళు పడి చచ్చాయి. గాలి సోకిందని పక్క ఊరి నుంచి ఒక సామిని పిలిపించారు. మంత్రగాడే, అక్కడ సామి అంటారు. ఆయన ఇల్లంతా వెతికించి ధాన్యం గది గూట్లో నా బొమ్మను పట్టుకున్నాడు.

"సామి ఏం చెప్పినాడో తెల్సా మేడం? ఆరు మూలలుండాయి గాబట్టి అది యంత్రమంట. నల్లముద్దలు ఆరూ మా ఇంట్లో ఆరు మందిమంట. అన్న, వదినె, ముగ్గురు పిల్లోళ్ళు, నేను. తెల్లటియి మా ఎముకలంట. ఆకుపచ్చటియి పసరంట, ఇసమంట. ఇనుప చువ్వలు గుచ్చి కట్టేసినారంట. మీరు కట్టిన చీటీ జూసి, ఇది మనిసి సదివే రాత కాదన్నాడు."

"నువ్వు చేసిందని చెప్పలేదా?"

"సెప్పినా. చిన్నమ్మను కాపాడేకి అబద్ధం ఆడతాండావు అంటాడు అన్న. ఆమె నన్ను సాకిందిలే మేడం, అందుకే అట్లంటాడు."

ఆ చిన్నమ్మ పేరు ఓబులమ్మ, చనిపోయిన వాళ్ళ చిన్నాయన భార్య. పిల్లలు లేరు. భూమిలో భాగం గురించి మాటా మాటా వచ్చి, నాగిరెడ్డి ఆమెను వంటింట్లోంచి తప్పించి, పశువుల కొట్టం పక్కన వేరు పొయ్యి పెట్టించాడు. కొర్రలు వండుకుని తింటుంది. ఇంట్లో అందరికీ జబ్బు వచ్చి ఆమెకు ఒక్కదానికే రాలేదు. సామి లెక్క చెప్పిన ఆరుగురిలో ఆమె లేదు. భూమి విషయంలో కక్ష ఉంది. ఊరికి ఇంకేం సాక్ష్యం కావాలి? మంత్రం పలకకుండా పళ్ళు రాలగొట్టాలని తేల్చారు. మా సీమలో అప్పుడు అది జరిగేది. పళ్ళతో ఆగేది కూడా కాదు, ఆ దెబ్బలకు పోయినవాళ్ళు ఉన్నారు. అమావాస్య దాకా ఆగమని సామి చెప్పాడు గనక ఆమెను గదిలో పెట్టి గొళ్ళెం వేశారు.

సెలవు కోసం హెడ్డు గారి దగ్గరికి వెళ్ళాను. అంతా విని ఆయన అడిగింది ఒకటే.

"ఆ చీటీ తెలుగులో ఎందుకు రాయలేదమ్మా?"

నేను సెలవు చీటీ ఆయన ముందుకు జరిపాను. "వెళ్ళి రా" అన్నారు.

చీమ పట్టని బెల్లం

డోన్‌లో బండి మారి బేతంచెర్లలో దిగి, అక్కడి నుంచి ఎద్దుల బండిలో పోయాం. దారి పొడుగునా చేలకు కంచెగా నిలబెట్టిన నాపరాళ్ళు. నేను చెప్పవలసినదాన్ని మనసులో సర్దుకుంటున్నాను. అణువు, బంధం, గుర్తు. సర్దుకున్న కొద్దీ అవి నాకే మంత్రాల్లా వినిపించాయి.

ఆ ఇంటికి చేరేసరికి ఎండ నెత్తి మీద ఉంది. వాకిలి నిండా మనుషులు, అయినా ఏదో లోటుగా అనిపించింది. ఏమిటో వెంటనే అంతుపట్టలేదు. బండల మిద్దె, పక్కన గడ్డివామి, రోలు దగ్గర పడి ఉన్న నాలుగు జొన్న గింజలు. కాసేపటికి తట్టింది. ఒక్క పిచ్చుక లేదు. ధాన్యం ఉన్న ఇంటి మీద పిచ్చుకలు లేకపోవడం నేను అంతకుముందు చూడలేదు.

నేల మీద ముగ్గు వేసి, నడుమ నా బొమ్మను ఎర్ర దారంతో చుట్టి పెట్టారు. చుట్టూ నిమ్మకాయలు, ఒక ఆకులో బెల్లం. నాగిరెడ్డి భార్య ఒడిలో పిల్ల. నేను చూస్తుండగానే పిల్ల తల వెనక్కి విరుచుకుపోయింది. వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. తల్లి కేక కూడా వేయలేదు, అలవాటైపోయినట్టు పిల్లను ఒడిలోకి అదిమి పట్టుకుంది. పిల్ల పళ్ళు కొరుకుతున్న చప్పుడు వాకిలంతా వినిపించింది.

సామి పెద్దమనిషి. అరుపులు, కేకలు లేవు. నన్ను నింపాదిగా చూశాడు.

"ఈటికి రంగులు పూయించింది నువ్వేనా తల్లీ?"

"నేనే."

జనం ఒక్కసారి వెనక్కి జరిగారు.

"అట్లయితే ఓబులమ్మకు నేర్పింది గూడా నువ్వే" అన్నాడు.

ఆమె ముఖం కూడా నాకు తెలియదన్నాను. ముగ్గు దాటి పోయి బొమ్మను చేతిలోకి తీసుకున్నాను. ఎవరో అమ్మా అని అరిచారు. నలుపు కార్బన్‌కు గుర్తు, ఆకుపచ్చ క్లోరిన్‌కు గుర్తు, నిజంగా వాటికి రంగు లేదు, అవి కంటికి కనబడవు, మేము అనుకుని పెట్టుకున్న గుర్తులు ఇవి అని చెప్పాను. సామి అంతా విని, "నేను సెప్పిందీ అదే కదమ్మా. కంటికి కనపడందానికి గుర్తులు" అన్నాడు. వింటున్నవాళ్ళకు మా ఇద్దరికీ తేడా ఏమిటో తెలియలేదు. ఇద్దరు మంత్రగాళ్ళు రంగుల దగ్గర తగువులాడుతున్నారు, అంతే. ఆ మాటకొస్తే తేడా ఎక్కడుందో ఆ నిమిషంలో నేనూ చెప్పలేకపోయాను.

అప్పుడు నా చూపు బెల్లం మీద పడింది. పొద్దున్నుంచీ ఉందేమో, ఎండకు కరిగి ఆకు మీద పాకంలా పారింది. దానికి ఒక్క చీమ పట్టలేదు. ఒక్క ఈగ వాలలేదు. పక్కన పశువుల కొట్టం, వేసవి ఎండ, పిల్ల నోటి నిండా చొంగ, అయినా ఒక్క ఈగ లేదు. ఆ వాకిట్లో మనుషులం తప్ప ప్రాణమున్నది ఏదీ కదలడం లేదు.

ఆ క్షణంలో కలిగిన భయం నాకు ఈ రోజుకీ కొత్తగానే ఉంది. సామి చెప్పినట్టు ఇంట్లో ఏదో ఉంది. నిజంగానే ఉంది.

శివారెడ్డిని వెంటబెట్టుకుని ధాన్యం గదిలోకి పోయాను. తలుపు తీయగానే ముక్కిన గోనెపట్టా లాంటి వాసన గొంతుకు పట్టుకుంది. ల్యాబ్‌లో ఒక్కసారి పీల్చినవాళ్ళు మరిచిపోయే వాసన కాదది. గోడ పొడుగునా జొన్న మూటలు, మూటల మీద బూడిద రంగు పొడి. కింద బండల మీద పుచ్చు పురుగులు, బొద్దింకలు వెల్లకిలా పడి ఉన్నాయి. నా చేతిలో ఇంకా ఆ బొమ్మ ఉంది. గదిలో నా చుట్టూ ఉన్నది, చేతిలో ఉన్నది ఒకటే.

తలుపు తీసిన మాట

నాగిరెడ్డి గడప దగ్గర నిలబడ్డాడు. ముప్పయి అయిదేళ్ళుంటాయి, నిద్ర లేక కళ్ళు పుండ్లలా ఉన్నాయి.

"జొన్నలకు ఏం కలిపినారన్నా?" అని అడిగాను.

"పాతరలోంచి తీసినాక పుచ్చు కనపడ్య. పొడి ఉండాది కదా అని జల్లినా."

"ఈ జొన్నలే తింటున్నారా?"

"కడుక్కోనే తింటామమ్మా. దుమ్ము పోయేదాకా కడుగుతాది ఆయమ్మ."

"కడిగితే పోదన్నా. నీళ్ళలో కలిసేది కాదు అది. గింజకు పట్టి రొట్టెలోకి వస్తుంది, రొట్టెలోంచి ఒంట్లోకి పోయి అక్కడే ఉండిపోతుంది. చిన్నపిల్లలకు తొందరగా ఎక్కుతుంది. ఓబులమ్మ కొర్రలు తింటుంది గనక ఆమెకు ఏమీ కాలేదు. ఈ బొమ్మ ఆ పొడి బొమ్మే. శివ చెప్పింది నిజం."

అతను మూటల వైపు చూశాడు. తర్వాత బయట భార్య ఒడిలో ఉన్న పిల్ల వైపు చూశాడు.

"అంటే నా బిడ్డకు ఇసం పెట్టింది నేనేనా?" అన్నాడు.

ఉద్యోగం మొత్తంలో నేను చెప్పిన మాటలన్నిట్లో కష్టమైనది అదే. మెత్తగా చెబుదామంటే అవతల గదిలో ఒక మనిషి ఉంది. నాకు ఏడుపు వస్తోంది. అవునన్నాను.

"అబద్ధం!" అని ఒక్క అరుపు అరిచాడు. నా చేతిలోంచి బొమ్మ లాక్కుని గోడకేసి కొట్టబోయాడు. తాను చేసినదాని కన్నా చిన్నమ్మ చేతబడిని నమ్మడమే అతనికి సులువు. ఆ స్థితిలో ఎవరికైనా అదే సులువు. నా కెమిస్ట్రీ అంతా అక్కడ అయిపోయింది. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు.

వెనక నుంచి సామి గొంతు వినపడింది. "నాగిరెడ్డీ, ఆకుపచ్చటిది ఇసమని నేను సెప్పలా?"

అందరూ అటు తిరిగారు.

"ఇసమన్నా. ఆరు మందికన్నా. అది ధాన్యం గదిలో దొరికె. ధాన్యంలో ఉండాదని ఈయమ్మ సెప్పె. నా మాటా ఆయమ్మ మాటా ఒకటే. ముసలామెను ఇడిసిపెట్టండి" అన్నాడు.

ఆయన నిజంగా నమ్మి అన్నాడో, గాలి ఎటు తిరుగుతోందో చూసి అన్నాడో నాకు తెలియదు. గొళ్ళెం తీసింది మాత్రం ఆయన మాటతోనే. నా మాటతో కాదు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అయినా తలుపు తెరుచుకుంది.

ఓబులమ్మ వెలుగుకు కళ్ళు చికిలించుకుంటూ బయటికి వచ్చింది. బక్కపలుచని మనిషి. ఎవరినీ తిట్టలేదు, ఏడవలేదు. కథంతా శివారెడ్డి చెబుతుంటే నిలబడే విన్నది. తర్వాత తన కొట్టంలోకి పోయి పొయ్యి రాజేసి కొర్రలు ఎసట్లో పోసింది. ఉడికిన అన్నం గిన్నెలో తెచ్చి పిల్ల దగ్గర కూర్చుంది. నాగిరెడ్డి భార్య పిల్లను ఇవ్వాలా వద్దా అన్నట్టు చుట్టూ చూసింది. సామి తల ఊపాడు. అప్పుడు ఇచ్చింది.

పిల్ల నోట్లో ముద్ద పెడుతూ ఓబులమ్మ అంది. "మీరు నన్ను పొయ్యికాడి నుంచి ఎల్లగొడితిరి గాబట్టి నాకేం కాలా. మీతో పాటు కూసోని తినింటే నాకూ మూర్ఛలొచ్చుండు. నామీద అనుమానమే రాకుండు."

నాగిరెడ్డి గోడకు ఆనుకుని కూలబడి తల బాదుకున్నాడు.

పిల్లను కర్నూలు ఆసుపత్రిలో చూపించాం. ఆ తిండి మానేశాక మూర్ఛలు తగ్గుతూ తగ్గుతూ పోయాయి. ఊరు మాత్రం బొమ్మను కాల్చందే ఒప్పుకోలేదు. సరే అన్నాను. కూడలిలో, ఊరంతా చూస్తుండగా, సామి దాని మీద కర్పూరం పెట్టి వెలిగించాడు. లక్క చిటపటలాడి నల్లగా పొగ చిమ్మింది. జొన్నలన్నిటికీ రేపే గుంత తీసి పూడుస్తానని నాగిరెడ్డి నాతో చెప్పాడు. అతని ముఖం చూసి నమ్మాను.

కొత్తవాళ్ళకు చెప్పేది

రంగులు వేయండి. నేను రిటైరయ్యేదాకా వేశాను. కంటికి కనిపించనిది మనసుకు ఎక్కాలంటే అంతకన్నా మంచి దారి లేదు. అయితే మీరు పెట్టుకున్న గుర్తులు మీ గది దాటగానే గుర్తులుగా ఉండవు. అక్కడ అప్పటికే నలుపుకు ఒక అర్థం ఉంటుంది, తెలుపుకు ఒకటి ఉంటుంది, అవి మీ చదువు కన్నా పాతవి. కాబట్టి తెర మీద ఏ రంగు దేనికో రాసిన మూలను దాచకండి. చూసేవాడి భాషలో రాయండి. ఈ సంగతి చెప్పిన మా హెడ్డు గారిని నేను ఛాదస్తుడు అనుకున్నాను. ఆయనకు పాఠం చెప్పడం రాదు, అది కూడా నిజమే. పిల్లలు నిద్రపోయేవారు. అయినా నాకు దొరికిన పై అధికారుల్లో ఆయన లాంటివారు మళ్ళీ దొరకలేదు.

సెలవుల తర్వాత శివారెడ్డి కాలేజీకి వచ్చాడు. చిన్నమ్మను మళ్ళీ ఇంటి పొయ్యి దగ్గరికి పిలుచుకున్నారని సంతోషంగా చెప్పాడు. జొన్నలు పూడ్చారా అని అడిగాను. తల వంచుకున్నాడు.

"అన్ని మూటలు మట్టిలో ఎట్ల పోస్తాం అన్యాడు మేడం అన్న. వానలా లేకపాయె. బేరగాళ్ళు వస్తే ఇచ్చేసినాడు."

"ఎక్కడికి?"

"సంతలకు. యాడికని ఎట్ల చెప్తాం?"

అధికారులకు రాశాను. తిరిగి తిరిగి అడిగాను. ఏ మూట ఏ సంతకు పోయిందో ఎవరు చెప్పగలరని అక్కడా అదే మాట. బొమ్మను కాల్చడానికి ఊరంతా వచ్చింది. జొన్నలను పూడ్చడానికి ఒక్కడు కూడా రాలేదు. ఆ ఏడంతా కర్నూలులో ఎవరింట్లో రొట్టె పెట్టినా ముందు వాసన చూసేదాన్ని.

మరుసటి ఏడు ఆలూరు వైపు నుంచి ఒక కొత్త కుర్రవాడు మా క్లాసులో చేరాడు. మొదటి రోజు ల్యాబ్‌లో బల్ల మీద బంతులన్నీ పోసి, ఎవరికి నచ్చినవి వాళ్ళు తీసుకోమన్నాను. అందరూ ఎగబడ్డారు. అతను మాత్రం గోడ దాకా వెనక్కి పోయి నిలబడ్డాడు. ఎందుకని దగ్గరికి పోయి అడిగాను. తెలుగులో రాసిన చీటీ చూపించాను. అయినా ముట్టుకోలేదు.

"మా ఊర్లో ఇట్లాటివి తాకరు మేడం. పోయినేడు మా వీధిలో చేతబడి జరిగె. పిల్లోళ్ళకు మూర్ఛలు. ఇద్దరు సచ్చిపోయిరి. ఒక ముసలామె చేసిందని తెలిసి పండ్లు రాలగొట్టిరి. ఆయమ్మా బతకలా."

"ఆమే చేసిందని ఎట్లా తెలిసింది?"

"వీధిలో అందరికీ అయితే ఆయమ్మకొకదానికే ఏం కాకపాయె. రాగిసంగటి తిని ఒక మూల పడి ఉండేది. ఇంగ అనుమానం ఏముండాది మేడం?"

మీ వీధిలో అప్పుడు జొన్నలు ఎక్కడ కొన్నారని అడిగాను.

అతనికి ఆ ప్రశ్న వింతగా తోచినట్టుంది. అయినా ఓపిగ్గా చెప్పాడు. "సంతలో మేడం. కరువు కదా, అయినా తక్కువ దుడ్లకే వచ్చినాయి. శానా మంచి జొన్నలు. ఒక్క పుచ్చు గింజ గూడా లేదు."